ఫేస్‌బుక్, వాట్సాప్, ఎక్స్ వదిలి వెళ్లాలనుకునేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి జవాబులన్నీ ఒకచోట పెట్టాం. మొదటి నుంచీ చదవనక్కర్లేదు. మీకు పనికొచ్చే ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## ఇంకా నిర్ణయం తీసుకోనివారికి

నేనేమీ దాచుకోవట్లేదు. నా వివరాలు ఎవరు చూస్తే నాకేంటి?

మీ ఖాతాలో ఉన్నవి మీ ఒక్కరి వివరాలే అయితే ఆ మాట చెల్లేది. 2018లో కేంబ్రిడ్జ్ అనలిటికా అనే రాజకీయ సలహా సంస్థకు ఒక క్విజ్ యాప్ ద్వారా ఫేస్‌బుక్ ఖాతాల వివరాలు చేరాయని బయటపడ్డప్పుడు ఫేస్‌బుక్ ఇచ్చిన లెక్క ప్రకారం, ఆ క్విజ్ యాప్ పెట్టుకున్న భారతీయులు 335 మంది. వాళ్ల స్నేహితుల జాబితాల ద్వారా వివరాలు బయటికి పోయి ఉండొచ్చన్నవాళ్లు 5,62,120 మంది. ఈ అయిదు లక్షల పైచిలుకు మంది ఆ క్విజ్ యాప్ పెట్టుకున్నవాళ్లు కారు. మీ ఫోన్లోని కాంటాక్ట్స్ అప్‌లోడ్ చేయడానికి ‘అలౌ’ నొక్కితే మీ డాక్టరు నంబరు, పక్కింటావిడ నంబరు కూడా వాళ్లను అడక్కుండానే వెళ్లిపోతాయి.

వాట్సాప్ ఎన్‌క్రిప్టెడే కదా, మళ్లీ సిగ్నల్ ఎందుకు?

2016 ఏప్రిల్ నుంచి వాట్సాప్ మెసేజ్‌లకు ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉంది. అది సిగ్నల్ అనే మెసేజింగ్ యాప్ వాళ్ల ప్రొటోకాలే. అంటే మెసేజ్‌లో ఏముందో వాట్సాప్‌కు కనిపించదు. కానీ ఎవరితో, ఏ వేళకు, ఎంత తరచుగా మాట్లాడుతున్నారు, ఏయే గ్రూపుల్లో ఉన్నారు అన్నది కనిపిస్తుంది. ఈ సమాచారాన్ని వాట్సాప్ యజమాని మెటా తన మిగతా కంపెనీలతో పంచుకునే తీరు మీదే పేచీ వచ్చింది. 2021 నాటి ప్రైవసీ పాలసీ విషయంలో కాంపిటీషన్ కమిషన్ 2024 నవంబరులో మెటాకు 213.14 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఇక సిగ్నల్ సంగతి. 2016లో అమెరికా కోర్టు ద్వారా ఒక ఖాతా వివరాలు ఇమ్మని అడిగితే, వాళ్లు ఇవ్వగలిగినవి రెండే: ఖాతా ఎప్పుడు తెరిచారు, చివరిసారి ఎప్పుడు కనెక్ట్ అయ్యారు. అంతకుమించి వాళ్ల దగ్గర లేదు.

దేని బదులు ఏది వాడాలి?

ఒక్క యాప్ అన్నింటికీ సరిపోదు. అలాంటిది వెతుకుతూ కూర్చునేవాళ్లు ఎక్కడికీ కదలరు. ఇంట్లోవాళ్లతో, స్నేహితులతో మాటలకు సిగ్నల్. ఎక్స్‌లో చేసినట్టు నలుగురికీ వినబడేలా మాట్లాడాలంటే మాస్టోడాన్. ఫొటోలు పెట్టుకోవడానికి పిక్సెల్‌ఫెడ్, వీడియోలకు పీర్‌ట్యూబ్. వార్తలు, బ్లాగులు చదవడానికే ఫేస్‌బుక్ తెరుస్తున్నవారికి సోషల్ మీడియాతో పనే లేదు, నచ్చిన సైట్లలోని కొత్త రాతలను ఒకచోట చూపించే ఫీడ్ రీడర్ చాలు. చాలామందికి నిజంగా కావాల్సింది ఈ మొదటిదీ చివరిదీ, అంతే.

టెలిగ్రామ్, అరట్టై, బ్లూస్కై సరిపోవా?

టెలిగ్రామ్‌లో మామూలు చాట్లు ఎండ్ టు ఎండ్ కావు. విడిగా ‘సీక్రెట్ చాట్’ తెరిస్తేనే అవుతాయి, గ్రూపులకు ఆ సదుపాయమే లేదు. జోహో వారి అరట్టై మీద 2025 సెప్టెంబరులో జనం ఎగబడ్డప్పుడు కాల్స్‌కు మాత్రమే ఆ రక్షణ ఉండేది, మెసేజ్‌లకు లేదు. స్వదేశీ అన్నది ఒక గుణం, ప్రైవసీ అన్నది వేరే గుణం. రెండోది కావాలంటే ఎన్‌క్రిప్షన్ మొదటి నుంచీ అన్నింటికీ ఉందా అని చూడాలి. బ్లూస్కై ఎక్స్ కంటే నయమే, కానీ అక్కడ పెట్టే పోస్టులన్నీ బహిరంగమే. నడిపేది పెట్టుబడిదారుల డబ్బు తీసుకున్న కంపెనీ.

అన్నీ ఒకేసారి డిలీట్ చేసేస్తే పోదా?

ఆవేశంలో డిలీట్ కొట్టినవాళ్లే నెల తిరక్కముందు మళ్లీ కొత్త ఖాతాతో వెనక్కి వస్తారు, ఈసారి పాత ఫొటోలు కూడా లేకుండా. 2019 నవంబరులో సుప్రీంకోర్టు న్యాయవాది సంజయ్ హెగ్డే ట్విట్టర్ ఖాతా సస్పెండ్ అయిందని ఎంతోమంది భారతీయులు మాస్టోడాన్‌లో చేరారు. తోటివాళ్లు అక్కడ లేక చాలామంది నిలవలేదు. ముందు మనుషుల్ని తరలించండి, తర్వాత ఫొటోలూ రాతలూ దించుకోండి, డిలీట్ అన్నింటికంటే చివర. దీనికి రెండు మూడు నెలలు పట్టినా పరవాలేదు.

## ఫొటోలు, చాట్లు దించుకోవడం

ఫేస్‌బుక్‌లో ఏళ్ల తరబడి ఫొటోలు, రాతలు ఉన్నాయి. ఎలా దించుకోవాలి?

సెట్టింగ్స్‌లో అకౌంట్స్ సెంటర్, అందులో ‘యువర్ ఇన్ఫర్మేషన్ అండ్ పర్మిషన్స్’, అందులో సమాచారం డౌన్‌లోడ్ లేదా ఎక్స్‌పోర్ట్ అనే వరుస. అక్కడ మూడు చోట్ల జాగ్రత్త.

తేదీల దగ్గర ‘ఆల్ టైమ్’ ఎంచుకోండి, లేకపోతే కొంతకాలానివే వస్తాయి. మీడియా క్వాలిటీ ‘హై’ పెట్టండి, లేకపోతే ఫొటోలు కుదించి ఇస్తారు. ఫార్మాట్ హెచ్‌టీఎంఎల్ పెట్టండి. మూడోది తెలుగు రాసేవాళ్లకు మరీ ముఖ్యం. జేసన్ ఫార్మాట్‌లో ఫేస్‌బుక్ తెలుగు అక్షరాలను సరిగ్గా ఎన్‌కోడ్ చేయదు. ఫైలు తెరిస్తే ‘అమ్మ’ ఉండాల్సిన చోట వంకర గీతల ఇంగ్లిష్ అక్షరాలు, డిగ్రీ గుర్తులు కనిపిస్తాయి. కంగారు పడకండి, రాతలు పోలేదు, ప్రోగ్రాము రాయడం వచ్చినవాళ్లు బాగుచేయగలరు. కానీ హెచ్‌టీఎంఎల్‌లో దించుకుంటే ఆ బాధే ఉండదు, బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది.

ఫైలు తయారవడానికి గంటల నుంచి రోజుల దాకా పట్టొచ్చు. లింకు వచ్చాక నాలుగు రోజులే పనిచేస్తుంది. ఫోన్లో కాకుండా కంప్యూటర్‌లో దించుకుని, జిప్ విప్పి, అయిదారు పాత ఫొటోలు తెరిచి చూసుకున్నాకే తర్వాతి పని.

వాట్సాప్ చాట్లు సిగ్నల్‌లోకి తెచ్చుకోవచ్చా?

కుదరదు. ముఖ్యమైన చాట్ తెరిచి, మెనూలో ‘ఎక్స్‌పోర్ట్ చాట్’ నొక్కి టెక్స్ట్ ఫైలుగా దాచుకోవడం ఒక్కటే దారి. మీడియాతో కలిపితే ఇటీవలి పది వేల మెసేజ్‌ల వరకూ, మీడియా లేకుండా నలభై వేల వరకూ వస్తాయి. గ్రూపులో ఎవరైనా ‘అడ్వాన్స్‌డ్ చాట్ ప్రైవసీ’ ఆన్ చేసి ఉంటే ఎక్స్‌పోర్ట్ జరగదు, వాళ్లను అడిగి కాసేపు ఆపించాలి. గూగుల్ డ్రైవ్‌లో ఉన్న బ్యాకప్ వాట్సాప్ తప్ప ఇంకెవరూ చదవలేని ఫైలు. దాన్ని నమ్ముకుని ఎక్స్‌పోర్ట్ మానేయకండి.

‘లాగిన్ విత్ ఫేస్‌బుక్’తో తెరిచిన యాప్‌లు ఏమవుతాయి?

ఫేస్‌బుక్ పోతే వాటి తలుపులూ మూసుకుపోతాయి. సెట్టింగ్స్‌లో ‘యాప్స్ అండ్ వెబ్‌సైట్స్’ తెరిస్తే జాబితా కనిపిస్తుంది. ఒక్కోదానిలోకి వెళ్లి ఈమెయిల్, పాస్‌వర్డ్ పెట్టుకున్నాక అక్కడి నుంచి తొలగించండి. మర్చిపోయిన ఆటలు, ఎప్పుడో టికెట్ బుక్ చేసిన సైట్లు బోలెడు బయటపడతాయి.

నేను ఒక పేజీకి, ఊరి గ్రూపుకు అడ్మిన్‌ని. నేను వెళ్లిపోతే?

పేజీ మీద పూర్తి అధికారం మీ ఒక్కరికే ఉంటే మీ ఖాతాతో పాటు పేజీ కూడా పోతుంది. ఇంకొకరికి పూర్తి అధికారం ఇచ్చి, వాళ్లు ఆహ్వానాన్ని ఒప్పుకున్నారో లేదో చూసుకోండి. ఒప్పుకోకపోతే ఇచ్చినట్టు కాదు. గ్రూపుకు కూడా వెళ్లేముందే ఇంకొకరిని అడ్మిన్‌గా చేయండి.

## సిగ్నల్‌లో కుదురుకోవడం

అమ్మానాన్నలకు పెట్టిచ్చేటప్పుడు ఏం చూసుకోవాలి?

ఇన్‌స్టాల్ చేసి, ఓటీపీ కొట్టి, ఫోన్ చేతికిచ్చేస్తే పని అయిపోదు. యాప్ భాష తెలుగులోకి మార్చండి. పిన్ అడిగినప్పుడు వాళ్లు ఇప్పటికే గుర్తుపెట్టుకున్న అంకెలు కాకుండా వేరేవి పెట్టి, ఇంట్లో డైరీలో రాయించండి. ఏటీఎం పిన్ మాత్రం పెట్టొద్దు. సిగ్నల్ అప్పుడప్పుడూ ఆ పిన్ అడిగి గుర్తుచేస్తుంది. అది మోసం కాదని ముందే చెప్పి ఉంచండి, లేకపోతే భయపడి యాప్ తీసేస్తారు. హోమ్ స్క్రీన్ మీద వాట్సాప్ పక్కనే సిగ్నల్ గుర్తు పెట్టండి. ఆఖర్న మీరే ఒక వీడియో కాల్ చేసి ఎత్తడం ఎలాగో చూపించండి. పెద్దవాళ్లకు ఏ యాప్ అయినా మనవడి మొహం కనిపించాకే ‘పనిచేస్తున్నట్టు’.

సిగ్నల్ తెరిస్తే గానీ మెసేజ్‌లు రావట్లేదు, ఫోన్ మోగట్లేదు. ఎందుకు?

సిగ్నల్ మానేసి వాట్సాప్‌కు తిరిగి వెళ్లేవాళ్లు చెప్పే మొదటి కారణం ఇదే. తప్పు చాలాసార్లు ఫోన్‌ది. షావోమీ, వివో, ఒప్పో, రియల్‌మీ లాంటి ఫోన్లు బ్యాటరీ ఆదా చేయడానికి, వెనక నడిచే యాప్‌లను ఆపేస్తాయి. పేరున్న పెద్ద యాప్‌లకు కంపెనీయే మినహాయింపు ఇచ్చి ఉంటుంది. సిగ్నల్‌కు మీరు ఇవ్వాలి.

షావోమీ, రెడ్‌మీల్లో: సెట్టింగ్స్, యాప్స్, సిగ్నల్. అక్కడ ‘ఆటోస్టార్ట్’ ఆన్ చేసి, బ్యాటరీ సేవర్‌లో ‘నో రెస్ట్రిక్షన్స్’ పెట్టండి. ఒప్పో, రియల్‌మీల్లో బ్యాటరీ వాడకం కింద ‘బ్యాక్‌గ్రౌండ్ యాక్టివిటీ’, ‘ఆటో లాంచ్’ రెండూ అనుమతించండి. వివోలో బ్యాటరీ సెట్టింగుల్లో బ్యాక్‌గ్రౌండ్ వాడకం దగ్గర సిగ్నల్‌కు పరిమితి తీసేయండి. శాంసంగ్‌లో ‘నెవర్ స్లీపింగ్ యాప్స్’ జాబితాలో చేర్చండి. తర్వాత ఫోన్ పక్కనపెట్టి, స్క్రీన్ ఆరాక ఒక అరగంట ఆగి, ఇంకో ఫోన్ నుంచి మెసేజ్ పంపి పరీక్షించండి. వెంటనే పరీక్షిస్తే అన్నీ బాగానే ఉన్నట్టు కనిపిస్తాయి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చాక ఈ సెట్టింగ్ మళ్లీ మొదటికి రావడం కూడా మామూలే.

నా నంబరు అందరికీ తెలియకుండా వాడొచ్చా?

ఖాతా తెరవడానికి నంబరు తప్పదు. 2024 నుంచి యూజర్‌నేమ్ పెట్టుకునే వీలుంది. ఇంగ్లిష్ అక్షరాల పేరు, చుక్క, చివర కనీసం రెండు అంకెలు. కొత్తవాళ్లకు అదే ఇవ్వండి. సెట్టింగ్స్, ప్రైవసీ, ఫోన్ నంబర్‌లోకి వెళ్లి ‘నంబరు ద్వారా నన్ను ఎవరు కనుక్కోవచ్చు’ అన్న చోట ‘ఎవరూ వద్దు’ పెట్టొచ్చు. కానీ అలా పెడితే మీ పాత స్నేహితులకు కూడా మీరు సిగ్నల్‌లో ఉన్నట్టు తెలియదు. అందుకని మనుషుల్ని కూడగట్టుకునే మొదటి నెల తెరిచి ఉంచడమే మేలు.

నంబరు మారితే, ఫోన్ పోతే ఎలా?

చదువుకో ఉద్యోగానికో విదేశం వెళ్లేవాళ్లు, పాత సిమ్ ఉండగానే సెట్టింగ్స్, అకౌంట్‌లో ‘చేంజ్ ఫోన్ నంబర్’ చేసుకోండి. గ్రూపులు, చాట్లు చెక్కుచెదరవు. రీఛార్జ్ మానేసిన భారతీయ నంబరు డిస్‌కనెక్ట్ అయ్యాక 90 రోజులకు వేరేవాళ్లకు కేటాయించవచ్చు. కొత్త యజమాని మీ నంబరుతో సిగ్నల్‌లో చేరకుండా ‘రిజిస్ట్రేషన్ లాక్’ ఆన్ చేయండి, పిన్ లేనిదే లోపలికి రానివ్వదు. అయితే ఆ ఖాతా ఏడు రోజులు ఎవరూ వాడకుండా పడి ఉంటే లాక్ విడిపోతుంది.

ఫోన్ పోతే చాట్లు బ్యాకప్‌లో ఉంటేనే తిరిగి వస్తాయి. బ్యాకప్ తాళంగా సిగ్నల్ ఇచ్చే పొడవాటి కీని కాగితం మీద రాసి, ఫోన్‌కు దూరంగా పెట్టండి. ఆ కీ పోతే సిగ్నల్ వాళ్లు కూడా ఏమీ చేయలేరు. ఆ కీ ఫొటో తీసి అదే ఫోన్లో దాచుకుంటే లాభం లేదు.

ఫ్యామిలీ గ్రూపు మొత్తాన్ని రమ్మంటే ఒక్కరూ రావట్లేదు.

నలభై మంది గ్రూపులో ‘అందరూ సిగ్నల్‌కు రండి’ అని మెసేజ్ పెడితే, కింద నాలుగు గుడ్ మార్నింగులు పడి అది పైకి పోతుంది. రోజూ మాట్లాడుకునే ముగ్గురు నలుగురితో మొదలుపెట్టండి. అక్కడ మాత్రమే దొరికేది ఒకటి ఉండాలి: పాప ఫొటోలు సిగ్నల్ గ్రూపులోనే పెడతానని పిన్నికి చెప్పండి, ఆవిడే వచ్చి బాబాయిని కూడా తెస్తుంది. పెద్ద గ్రూపును దాని మానాన వదిలేయండి.

## మాస్టోడాన్‌లో అడుగుపెట్టడం

సర్వర్ ఎంచుకోమంటోంది. ఏది ఎంచుకోవాలి?

మాస్టోడాన్ ఒకే కంపెనీది కాదు, వేర్వేరు మనుషులు నడిపే సర్వర్ల సమూహం, ఈమెయిల్ లాంటిదే. ఎక్కడ ఖాతా తెరిచినా మిగతా సర్వర్లవాళ్లతో మాట్లాడొచ్చు. అధికారిక జాబితాలో ఉండాలంటే సర్వర్ నడిపేవాళ్లు కొన్ని షరతులు ఒప్పుకోవాలి: రోజూ బ్యాకప్, అత్యవసరానికి తాళాలున్న రెండో మనిషి, మూసేస్తే కనీసం మూడు నెలల ముందు కబురు. ఆ జాబితాలో నుంచి, నియమాలు చదివి నచ్చినది తీసుకోండి. తేల్చుకోలేకపోతే మాస్టోడాన్ డాట్ సోషల్‌తో మొదలుపెట్టి తర్వాత మారండి. స్నేహితుడు ఇంట్లో కంప్యూటర్ మీద నడిపే సర్వర్ సరదాకు బాగుంటుంది, ప్రధాన ఖాతాకు వద్దు.

చేరాను, కానీ అంతా ఖాళీగా ఉంది. ఏం చేయాలి?

మీకు నచ్చుతుందని ఏదో తెచ్చి ముందు పడేసే అల్గారిథమ్ అక్కడ లేదు. మీరు ఫాలో అయినవాళ్లు రాసినవీ పంచుకున్నవీ మాత్రమే, కాలం వరుసలోనే వస్తాయి. మొదటి రోజే ఒక ముప్పై నలభై మందిని ఫాలో అవ్వండి. హ్యాష్‌ట్యాగ్‌లను కూడా ఫాలో కావచ్చు. మీ గురించి రెండు వాక్యాలు, ఒక బొమ్మ పెట్టండి. ఖాళీ ప్రొఫైల్‌ను ఎవరూ తిరిగి ఫాలో కారు.

తెలుగువాళ్లు అక్కడ తక్కువ. సినిమా కబుర్లు, రాజకీయాల మీద వాదనలు ఎక్స్‌లో దొరికినంత దొరకవు. మొక్కలు, రైళ్లు, ఫొటోగ్రఫీ, ప్రోగ్రామింగ్ మీద ఆసక్తి ఉన్నవారికి మాత్రం కడుపు నిండుతుంది. తెలుగు బ్లాగరు మిత్రులుంటే ఒక మాట చెప్పండి: వర్డ్‌ప్రెస్‌లో యాక్టివిటీపబ్ ప్లగిన్ ఆన్ చేస్తే వాళ్ల బ్లాగును మాస్టోడాన్ నుంచే ఫాలో కావచ్చు.

తెలుగులో రాస్తున్నాను, ఎవరికీ కనిపిస్తున్నట్టు లేదు.

మూడు కారణాలు ఉండొచ్చు. ఒకటి, పోస్టు భాష. ఫోన్ ఇంగ్లిష్‌లో ఉంటే మీ తెలుగు పోస్టుకు కూడా ఇంగ్లిష్ అన్న ముద్ర పడుతుంది. తెలుగు మాత్రమే చూపించమని పెట్టుకున్నవాళ్లకు అది రాదు, అనువాదం బటన్ కూడా తికమకపడుతుంది. ప్రిఫరెన్సెస్‌లో ‘పోస్టింగ్ లాంగ్వేజ్’ తెలుగు చేయండి. రెండు, వెతుకులాట. మీరు ఒప్పుకుంటేనే మీ రాతలు సెర్చ్‌లో దొరుకుతాయి. ప్రొఫైల్‌లో ‘ప్రైవసీ అండ్ రీచ్’ కింద ఆ గడి టిక్ చేయాలి. మూడు, హ్యాష్‌ట్యాగ్ లేకపోవడం. ట్యాగ్‌లో వాడుకలో ఉన్న స్పెల్లింగే రాయండి. ఒకరు ‘తెలుగు_కవిత’ అని, ఇంకొకరు ‘తెలుగుకవిత’ అని రాస్తే ఆ రెండూ ఎప్పటికీ కలవవు.

అక్కడ ప్రైవేట్ మెసేజ్ నిజంగా ప్రైవేటేనా?

కాదు. ‘ప్రైవేట్ మెన్షన్’కు ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ లేదు. మీ సర్వర్ నడిపేవాళ్లు, అవతలి సర్వర్ నడిపేవాళ్లు తలచుకుంటే చదవగలరు. ఇంకో చిక్కు ఉంది. ఫలానా ఆయన గురించి చాటుగా చెప్పుకుంటూ ఆయన ఖాతా పేరును ఎట్ గుర్తుతో సహా రాశారంటే ఆ మెసేజ్ ఆయనకూ చేరుతుంది. రహస్యాలకు సిగ్నల్ వాడండి.

సర్వర్ మూసేస్తే, లేదా నాకే నచ్చకపోతే?

కొత్త సర్వర్‌లో ఖాతా తెరిచి, అక్కడి సెట్టింగ్స్‌లో పాత ఖాతాను అలియాస్‌గా (అదీ మీదేనన్న గుర్తుగా) చేర్చండి. తర్వాత పాత ఖాతాలోకి వెళ్లి ‘మూవ్’ నొక్కండి. ఫాలోవర్లు వాళ్లంతట వాళ్లే కొత్త చోటికి మారతారు. మీరు ఫాలో అయ్యేవాళ్ల జాబితా సీఎస్‌వీ ఫైలుగా దించుకుని కొత్త దాంట్లో ఎక్కించుకోవాలి. పాత పోస్టులు మాత్రం రావు. ఒకసారి మారాక 30 రోజులు ఆగితే గానీ మళ్లీ మారనివ్వదు. ట్విట్టర్ లాంటి భారతీయ యాప్ ‘కూ’ 2024 జులైలో మూతపడినప్పుడు తెలుగులో రాసుకున్నవాళ్లు తమ ఫాలోవర్లను వెంట తీసుకెళ్లే దారి ఇలా ఏదీ లేదు. అది ఒకే కంపెనీ, ఒకే సర్వర్ వ్యవహారం.

## వదిలాక వచ్చే చిక్కులు

డీయాక్టివేట్ చాలదా? డిలీట్ చేస్తే ఎన్నాళ్లకు పోతుంది?

డీయాక్టివేట్ అంటే దుకాణం తలుపుకు ‘మూసి ఉంది’ బోర్డు తగిలించడమే, వివరాలన్నీ అక్కడే ఉంటాయి. మెసెంజర్ కూడా నడుస్తూనే ఉండొచ్చు. డిలీట్ కొట్టాక ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ 30 రోజులు ఆగుతాయి. ఈ లోపు లాగిన్ అయితే డిలీట్ రద్దయిపోవచ్చు. కాబట్టి యాప్‌లు ముందే తీసేయండి, బ్రౌజర్‌లో సేవ్ అయిన పాస్‌వర్డ్ కూడా. ఆ తర్వాత పూర్తిగా చెరపడానికి 90 రోజుల దాకా పట్టొచ్చు. ఎక్స్‌లోనూ 30 రోజుల గడువే. వాట్సాప్‌లో డిలీట్ కొడితే వెనక్కి తీసుకునే గడువే లేదు. మీరు ఇతరులకు పంపిన మెసేజ్‌లు వాళ్ల దగ్గర ఉండిపోతాయి, ఎక్కడైనా అంతే.

స్కూలు గ్రూపు, ఆఫీసు గ్రూపు, మన మిత్ర అన్నీ వాట్సాప్‌లోనే. ఎలా వదలను?

వదలకండి, కుదించండి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరిలో మన మిత్ర పేరుతో వాట్సాప్‌లోనే సేవలు మొదలుపెట్టింది. సచివాలయానికో మీసేవకో వెళ్లే ఓపిక అందరికీ ఉండదు. యాప్ ఉంచి కాంటాక్ట్స్ అనుమతి తీసేయండి. అప్పుడు పేర్ల బదులు నంబర్లు కనిపిస్తాయి గానీ పని ఆగదు. ‘లాస్ట్ సీన్’, ప్రొఫైల్ ఫొటో ఎవరికీ కనిపించకుండా పెట్టండి. గ్రూపుల్లో ఎవరు పడితే వాళ్లు చేర్చకుండా ‘మై కాంటాక్ట్స్’కు పరిమితం చేయండి. నోటిఫికేషన్లు ఆపి, రోజుకు ఒకసారి తెరవండి. స్టేటస్ వైపు వెళ్లకండి.

ఇన్‌స్టాగ్రామ్‌లో పచ్చళ్లు, చీరలు అమ్ముతాను. నేను కూడా మానేయాలా?

వద్దు, తిండి పెట్టే చోటును ముందు వదలకూడదు. ఆ పేజీని దుకాణం బోర్డులా ఉంచి, మీ సొంత ఖాతాను మాత్రం తీసేయండి. కొన్నవాళ్ల నంబర్లు వాళ్ల ఒప్పుకోలుతో ఒక పుస్తకంలోనో షీటులోనో రాసుకోండి. ధరల పట్టికతో ఒక చిన్న వెబ్ పేజీ పెట్టుకుని దాని క్యూఆర్ కోడ్ ప్రతి ప్యాకెట్ మీద అంటించండి. ఖాతా హ్యాక్ అయినా, సస్పెండ్ అయినా పాత గిరాకీ పోకుండా అదే కాపాడుతుంది.

చట్టం పేరు చెప్పి నా వివరాలు చెరిపించుకోవచ్చా?

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఆ హక్కు ఇచ్చింది. నియమాలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి, కంపెనీల మీద పడే ప్రధాన బాధ్యతలకు అప్పటి నుంచి 18 నెలల గడువు ఉంది. ఈలోగా యాప్‌లోని డిలీట్ బటనే నమ్ముకోదగ్గది.

ఇవన్నీ ఉచితమే అంటున్నారు. మరి డబ్బు ఎక్కడి నుంచి?

చందాల నుంచి. సిగ్నల్‌ను నడిపేది లాభాపేక్ష లేని సంస్థ. ఓటీపీలు పంపడానికే ఏటా దాదాపు 60 లక్షల డాలర్లు అవుతోందని 2023లో వాళ్లే లెక్క చెప్పారు. మాస్టోడాన్ సర్వర్ల అద్దె సాధారణంగా నడిపేవాళ్ల జేబు నుంచో, వాడేవాళ్ల విరాళాల నుంచో వస్తుంది. మీ సర్వర్ ‘అబౌట్’ పేజీలో చందా లింకు ఉందేమో చూడండి. నెలకు ఒక టిఫిన్ ఖర్చు పంపినా చిన్న సర్వర్‌కు ఆసరాయే. ఆ పేజీలో ఖర్చుల లెక్క పెట్టని సర్వర్ అయితే, పంపే ముందు అడ్మిన్‌ను అడగండి.